పులి తినాల్సిందేనా?

మొన్నొక శనివారం రాత్రి పదకొండున్నరకి నలుగురు పెద్దమనుషులు (ఒక డెలివరీ మేనేజరు, ఇద్దరు ఆర్కిటెక్టులు, నేను), ఒక టెస్టింగ్ పిల్ల కలిసి బల్లెం గురించి గట్టిగా కొట్లాడుకున్నాం. కింద ఫ్లాట్ వాళ్లు సెక్యూరిటీకి ఫోన్ చేసేంత గట్టిగా. నిజం బల్లెం కాదు లెండి, కాగితం మీది బల్లెం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది, 1974లో అమెరికాలో పుట్టింది. ఒకాయన కథ నడిపిస్తుంటాడు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. కొట్లాట వచ్చిందంటే గళ్ల కాగితం పరిచి బొమ్మలు పెడతారు. ఒక్కో గడి 5 అడుగులు. కత్తి ఉన్నవాడు పక్క గడిలో ఉన్నవాణ్ని కొట్టగలడు. పొడుగు బల్లెం ఉన్నవాడు ఒక గడి వదిలి అవతలి గడిలో ఉన్నవాణ్ని కూడా అందుకోగలడు. తగిలిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. ఇంతే.

నేను ఈ ఆట 2003లో ఆన్‌సైట్ వెళ్లినప్పుడు నేర్చుకున్నాను. చలికాలం, కారు లేదు, చేసేదేం లేదు. అప్పుడు నడుస్తున్నది 2000లో వచ్చిన మూడో ఎడిషన్. అందులో పొడుగు బల్లేనికి ఒక మెలిక ఉంది: పది అడుగుల దూరంలో ఉన్నవాణ్ని పొడవొచ్చు గానీ, పక్కకే వచ్చి నిలబడ్డవాణ్ని పొడవలేం. వాడు లోపలికి దూరేశాడన్నమాట. అలాంటప్పుడు మనం ఒక గడి వెనక్కి జరిగి పొడిచేవాళ్లం. ఐదడుగుల ఆ ఒక్క అడుగుకి ఖర్చు లేదు, పుణ్యానికి వచ్చేది.

ఇప్పుడు మా గుంపు ఆడేది 2014 నాటి ఐదో ఎడిషన్. నా పాత్ర చేతిలో బల్లెం, ఒంట్లో నాలుగు ప్రాణం పాయింట్లు. పక్కకి ఒక గాబ్లిన్ వచ్చింది. నేను ఏ మాత్రం ఆలోచించకుండా అలవాటు కొద్దీ ఒక గడి వెనక్కి జరిగాను. కథ నడిపేవాడు నవ్వి పాచిక వేశాడు. ఐదో ఎడిషన్‌లో పుణ్యానికొచ్చే అడుగు లేదట. శత్రువు అందుబాటులోంచి బయటికి జరిగితే వాడికి ఒక దెబ్బ ఊరికే దొరుకుతుందట. పైగా అసలు జరగాల్సిన పనే లేదట, ఎందుకంటే ఈ ఎడిషన్‌లో బల్లెం పక్కవాణ్ని కూడా కొడుతుంది! పాచిక పడింది, నా పాత్ర పడిపోయింది. రిలీజ్ నోట్స్ చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టినవాడి గతి :)

నేను మామూలుగా ఒప్పుకునే రకం కాదు. పాత రూలే సరైనదని వాదన మొదలెట్టాను. అప్పుడా టెస్టింగ్ పిల్ల (మా టీమ్‌లో అందరికంటే చిన్నది, ఆట మొదలుపెట్టి మూడు వారాలు) ఒక బగ్ రిపోర్టు లాంటి ప్రశ్న వేసింది. "అంకుల్, బల్లెం పక్కనున్నవాణ్ని ఎందుకు కొట్టలేదు? కర్రని మధ్యకి పట్టుకుని తిరగేసి బాదొచ్చు కదా?"

అంకుల్ అన్నందుకు కొంచెం నొచ్చుకున్నా గానీ, ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పాత పుస్తకాలన్నీ తిరగేశాను.

చూస్తే ఈ తగువు ఆట కంటే పాతది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి ముందు, 1971లో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అని యుద్ధం ఆట రూల్స్ రాశారు. అందులో ఆయుధాలను పొడుగును బట్టి తరగతులుగా పేర్చారు. మామూలుగా మీద పడినవాడిదే మొదటి దెబ్బ. కానీ ఎదుటివాడి ఆయుధం రెండు తరగతులు పొడుగైతే మొదటి దెబ్బ వాడిది. ఆ గండం దాటి లోపలికి వచ్చేశాక పొట్టి ఆయుధం ఉన్నవాడికి లాభం. నాకు ఇది చాలా నచ్చింది. ఎంత దూరం అందుతుంది అన్నది కాదు, ఎప్పుడు ఎవరి దూరం నడుస్తుంది అన్నది లెక్క. తర్వాత 1978లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకంలో ప్రతి ఆయుధానికీ పొడుగుతో పాటు ఇంకో కాలమ్ ఉంది: దాన్ని తిప్పడానికి ఎంత జాగా కావాలి అని. ఎంతమంది ఆ కాలమ్ నిజంగా వాడారో దేవుడికెరుక. 2000 నాటికి ఆ జాగా లెక్క పోయి గళ్లు వచ్చాయి. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో బల్లెం పక్కవాణ్ని కూడా కొట్టింది గానీ, ఊరికే దొరికే దెబ్బ మాత్రం పక్క గడి వరకే. 2014లో ఇంకా సులువు చేసేశారు. వెర్షన్ మారిన కొద్దీ వాడటం సులువవుతుంది, లోపలి సంగతి పలచబడుతుంది. మనం చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం వేరా ఏమిటి.

ఆ జాగా కాలమ్ చూడగానే నాకు మా నాయినమ్మ గుర్తొచ్చింది.

మాది పాలకుర్తి. సోమనాథుడి పాలకుర్తి అంటే సాహిత్యం తెలిసినవాళ్లు గుర్తుపడతారు, ఐలమ్మ పాలకుర్తి అంటే మిగతావాళ్లు. నేను పుట్టి పెరిగినప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. గుట్ట మీద సోమేశ్వరుడు, శివరాత్రికి జాతర. మా ఇంటి ముందు అరుగు మీద షాబాదు బండకి ఉలితో చెక్కిన పులి-మేక గీత ఉండేది. ఎవరు చెక్కించారో ఎవరికీ తెలియదు.

పులి-మేక మీలో చాలామంది ఆడే ఉంటారు. పైన ఒక కొన, అక్కడినించి కిందికి నాలుగు ఏటవాలు గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ మూడు గీతలు, అట్టడుగున ఇంకోటి. అడ్డగీతలు మూడూ రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి చివర్లు నిలువుగా కలుస్తాయి. మొత్తం 23 చోట్లు. మూడు పులులు, పదిహేను మేకలు. మాకు పులులంటే గాజు పెంకులు, మేకలంటే చింతగింజలు. పులి గీత వెంట ఒక అడుగు నడుస్తుంది. పక్క చోట మేక ఉండి, అదే గీతలో దాని వెనక చోటు ఖాళీగా ఉంటే మేక మీంచి దూకి తినేస్తుంది. మేకలు ముందు ఒక్కొక్కటిగా బోర్డు మీదికి దిగాలి, అన్నీ దిగాకే నడవాలి. పులులకి కదల్లేకుండా దారి కడితే మేకలు గెలిచినట్టు.

ఇక్కడ అందుబాటు లెక్క చూడండి, ఎంత చక్కగా ఉందో. పులి చెయ్యి ఎంత దూరం పోతుందో పులి చేతిలో లేదు! మేక వెనకాల ఇంకో మేక నిలబడిందా, పులి అందుబాటు సున్నా. లేదా, ఒక చోటు దూకి అవతల పడుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అందుబాటు ఆయుధానికి ఉంటుంది. ఇందులో ఎదుటి గుంపు నిలబడ్డ తీరుకి ఉంది. యాభై ఏళ్లుగా ఎడిషన్లు మార్చి మార్చి తంటాలు పడుతున్న విషయాన్ని ఒక బండ మీద నాలుగు గీతలతో తేల్చేశారు. (మా గుంపులో ఇది చెప్తే డెలివరీ మేనేజరు "ప్రతిదీ మనవాళ్లే కనిపెట్టారంటావ్" అన్నాడు. కనిపెట్టారనటం లేదు బాబూ, నేపాల్లోనూ ఉంది, అక్కడ నాలుగు పులులు, ఇరవై మేకలు. సరిగ్గా ఆడితే అది డ్రా అని కంప్యూటర్‌తో తేల్చారు కూడా.)

ఉద్యోగంలో చేరిన కొత్తలో బెంచి మీద కూర్చుని జావాలో పులి-మేక రాశాను. అప్పుడు అర్థమైంది, నడక ఒక పట్టిక, దూకుడు వేరే పట్టిక అని. మా అరుగు మీది గీతకి నడిచే దారులు 38, దూకే దారులు 28. దూకుడు పట్టికలో ఎప్పుడూ మధ్యలో రాని చోట్లు ఏడు ఉన్నాయి: పై కొన, మొదటి అడ్డగీత రెండు చివర్లు, మూడో అడ్డగీత రెండు చివర్లు, అట్టడుగున రెండు మూలలు. అక్కడ కూర్చున్న మేకని ఏ పులీ ఏమీ చెయ్యలేదు. ఇదేదో పెద్ద ఘనకార్యం అన్నట్టు సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాయినమ్మకి చెప్పాను. "గది నీకు ఇప్పుడెర్కైందా?" అంది. నిజమే, ఆవిడ ఎప్పుడూ మొదటి మేకలని మూలల్లోనే దింపేది. నేనెప్పుడూ చూసి చూడనట్టున్నాను.

నాయినమ్మ ఎప్పుడూ మేకలే ఆడేది. పులులు ఇస్తానన్నా తీసుకునేది కాదు.

ఆవిడ పుట్టిల్లు కడవెండికి దగ్గరలో ఒక ఊరు. సంఘం రోజుల్లో తొమ్మిదో పదో ఏళ్ల పిల్ల. కడవెండి సంగతి మీకు తెలుసు, 1946 జులై 4న దొడ్డి కొమురయ్య అక్కడే తుపాకి గుండుకి పడిపోయాడు. అంతకుముందు మా పాలకుర్తిలోనే ఐలమ్మ పంటని విసునూరు దేశముఖ్ మనుషులు కోసుకుపోవడానికొస్తే సంఘం వాళ్లు తరిమారు. సుందరయ్య తన పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం అటు వంద మంది గూండాలు, ఇటు కర్రలు పట్టుకున్న ఇరవై ఎనిమిది మంది. మా ఆటలో ఇలాంటి కొట్లాట పెడితే పాచికలు ఎవరివైపు పడతాయో చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ అలా జరగలేదు, ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది.

నాకు పదేళ్లప్పుడు, నేనూ నా జతగాళ్లూ వడిసెలతో ఆడుతూ ఒకడి నుదురు పగలగొట్టాం. (ఈ తరానికి వడిసెల చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలో. తాడు మధ్యలో చిన్న జోలె, అందులో రాయి, తల మీద గిరగిరా తిప్పి ఒక కొస వదిలేయడం. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడానికి వాడేవాళ్లు.) ఆరోజు నాయినమ్మ నన్ను కొట్టలేదు. అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"వడిసెల తిప్పాల్నంటె సుట్టూ రెండు బారల జాగ ఉండాలె బిడ్డా. పక్కపొంటి మనిషుంటె ముందుగాల ఆని నెత్తే పలుగుతది. అందుకే వడిసెలోళ్లు ఎడమెడంగ నిలవడాలె. ఎకరం చెలక అవుతల ఉన్నోన్ని కొట్టొచ్చు గని, మీదికొచ్చినోన్ని ఏం జెయ్యలేవు. గప్పుడు ఆడోళ్లు, రోకండ్లు, కారప్పొడి."

ఇదిగో, 1978 పుస్తకంలోని జాగా కాలమ్! బార అంటే చేతులు రెండూ చాపితే వచ్చే కొలత, నాలుగు మూరలు, ఇంచుమించు ఆరడుగులు. మన గళ్ల కాగితంలో గడి ఐదడుగులు. రెండు బారలంటే అటూ ఇటూ రెండేసి గళ్లు ఖాళీ. ఐదో ఎడిషన్‌లో వడిసెలకి 30 అడుగులు మామూలు దూరం, 120 అడుగుల వరకు ఇబ్బందితో. శత్రువు పక్క గడిలో ఉంటే అన్ని దూరపు ఆయుధాలకీ ఇబ్బందే అని రాసి, అక్కడికి పరవాలేదు అనిపించుకున్నారు. కానీ పక్కన ఉన్న మనవాడి నెత్తి మాటే లేదు. ఎకరం చెలక సంగతైతే అసలే తెలియదు వాళ్లకి. కాబట్టి టెస్టింగ్ పిల్లా, బల్లెం విషయంలో నువ్వన్నది రైటు, కర్ర తిరగేసి బాదొచ్చు. వడిసెల విషయంలో మాత్రం పాత రూలే రైటు.

ఆరోజు పాఠం అక్కడితో ఆగిపోయుంటే ఈ టపా కూడా ఇక్కడితో ఆగిపోయేది. నేను ఊరుకోకుండా "నువ్వు తిప్పినవా నాయినమ్మా?" అని అడిగాను.

తను తిప్పలేదు. ఒడి నిండా రాళ్లు మోసింది. ఒకరోజు వాళ్ల ఊళ్లో జనం గడి ముందుకి పోయారు. గడి అంటే దొర కోట లాంటి ఇల్లు. నాయినమ్మ వాళ్ల నాయిన వడిసెలోళ్లలో ఉన్నాడు, ఆ చేతివాటం ఆయనది. గడి దర్వాజ ముందు దొర మనుషులు గుత్పలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆ వరసలో నాయినమ్మ పెద్దన్న ఉన్నాడు.

అప్పు కింద చిన్నప్పుడే గడిలో జీతానికి పెట్టిన కొడుకు. పొమ్మంటే పోవాలి, నిలబడమంటే నిలబడాలి.

గుత్ప అందుబాటు ఒక బార. వడిసెల అందుబాటు ఎకరం. గడి మేడ మీద తుపాకి ఉంది, దాని అందుబాటు ఎంతో అక్కడెవరికీ తెలియదు. ఆ మూడిట్లో అన్నిటికంటే పొట్టిది పట్టుకున్నవాణ్ని అన్నిటికంటే ముందు నిలబెట్టారు. యుద్ధం ఆటల్లో ఇలాంటివాణ్ని పది రూపాయల బొమ్మ అంటాం, పడితే పడ్డాడు. పులి-మేకలోనైతే వాడికి గింజ కూడా లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, అంతే. పులి తరఫున కర్ర పట్టుకున్న మేకని ఏ చోట్లో పెడతాం?

"మా నాయిన వడిసెల తిప్పిండు" అంది నాయినమ్మ. "తిప్పిండు, తిప్పిండు. ఇడువలే."

పక్కనున్నవాళ్లు అరుస్తున్నారట, ఇడువు ఇడువు అని. ఆయన తిప్పుతూనే ఉన్నాడట. ఈలోగా మేడ మీంచి తుపాకి పేలింది, గాల్లోకే. జనం చెల్లాచెదురైపోయారు. వాళ్ల నాయిన మాత్రం అలాగే నిలబడి, తిప్పడం మెల్లగా తగ్గించి, జోలెలోంచి రాయి తీసి కింద పడేసి నడిచొచ్చాడట.

ఆ అన్న నెల తిరక్కుండా గడిలోంచి పారిపోయి సోలాపూర్ మిల్లులో చేరాడు. మా ఆట భాషలో చెప్పాలంటే అందుబాటులోంచి జరిగాడు. జరిగినందుకు దెబ్బ పడింది కూడా, దొర మనుషులు ఇంటి మీదికొచ్చి ఎడ్లని తోలుకుపోయారు. ఐదో ఎడిషన్‌లో ఆ వంతులో చేసే పనిని ఖర్చుపెట్టుకుంటే దెబ్బ తినకుండా తప్పుకోవచ్చని ఒక రూలుంది. జీతగాడికి అలాంటి రూలు ఎవరూ రాసిపెట్టలేదు.

పోరాటం 1951లో ఆగిపోయింది. ఆయన ఆ తర్వాతెప్పుడో ఊరికొచ్చాడు. కానీ మధ్యలో వాళ్ల నాయిన చనిపోతే రాలేదు. కబురు అందలేదని ఆయన, అందిందని నాయినమ్మ. అంతే, మాటల్లేవు. దొర, గడి, గుత్ప, అవన్నీ నాయినమ్మ ఎప్పుడో వదిలేసింది. చావుకి రాకపోవడం ఒక్కటే వదల్లేదు.

నేను చూసేనాటికి ఆయన అరవై దాటిన మనిషి. మా నాయినకి మేనమామ కాబట్టి పెళ్లిళ్లకీ పండగలకీ వచ్చేవాడు. వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. నాయినమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకివ్వకుండా బండ మీద పెట్టేది. కాసేపటికి గాజు పెంకులు, చింతగింజలు వచ్చేవి. ఇద్దరూ గంటలు గంటలు పులి-మేక ఆడేవాళ్లు, ఒక్క మాట లేకుండా! ఆమెకి మేకలు, ఆయనకి పులులు. తగువొస్తే మధ్యవర్తిని నేను.

తగువు ఎప్పుడూ ఒకటే. ఆయన పులి దూకి తినగలిగిన మేకని తినకుండా వేరే చోటికి నడిచేది.

"మీ తాతకు చెప్పురా, అందినంక తినాలె, గది రూలు."

"మీ నాయినమ్మకు చెప్పు, పులికి ఆకలైతెనే తింటది. అందితె తినాల్నని యాడ లేదు."

నేను మధ్యలో కూర్చుని అటు వినిపించిందాన్నే ఇటు, ఇటు వినిపించిందాన్నే అటు చెప్పేవాణ్ని. చిన్న మెసేజ్ క్యూ. నాయినమ్మ పట్టుదలకి కారణం ఉంది, తినడం తప్పనిసరి అయితే మేకలకి లాభం. ఒక మేకని ఎరగా పెట్టి పులిని మూలకి లాగొచ్చు. ఆవిడ ఆట అంతా దాని మీదే నడిచేది. తినడం ఇష్టమైతే తెలివైన పులి ఎరకి రాదు, ఆట ఎంతకీ తెగదు. ఆయన ఎంతకీ తెగనివ్వలేదు. ఆయన గెలిచినట్టు గానీ, ఆవిడ గెలిచినట్టు గానీ నాకు గుర్తు లేదు. అన్నం వేళకి ఎవరో ఒకరు గింజలు కలిపేసేవాళ్లు.

జావాలో రాసినప్పుడు ఆ రూలుకి ఒక బూలియన్ పెట్టాను. నాయినమ్మ మీద గౌరవం కొద్దీ, తినాల్సిందే అని విలువ ఇచ్చి కంపైల్ చేశాను. కంప్యూటర్‌కి పులులిచ్చి ఆడితే పులులు ప్రతిసారీ ఎరకొచ్చి చచ్చేవి. బోరు కొట్టి వదిలేశాను. 2009లో నాయినమ్మ పోయింది. ఆయన అంతకు ముందే పోయాడు, దినాలకి నాయినమ్మ పదకొండు రోజులూ అక్కడే ఉంది. ఇల్లు కూల్చి కట్టినప్పుడు అరుగు మీద షాబాదు బండ తీసేసి గ్రానైట్ వేశారు. నేను ఊళ్లో లేను, ఉంటే ఆ బండ తెచ్చుకునేవాణ్నేమో.

ఈ బల్లెం గొడవ తర్వాత పాత హార్డ్‌డిస్కులో ఆ కోడ్ వెతికి పట్టుకుని, ఫోన్‌లో ఆడేలా తిరగరాస్తున్నాను. టెస్టింగ్ పిల్ల టెస్ట్ చేసి పెడతానంది. మొదటి రోజే అడిగింది, "అంకుల్, క్యాప్చర్ మ్యాండేటరీనా, ఆప్షనలా? స్పెక్‌లో లేదు."

ప్రస్తుతానికి సెట్టింగ్స్‌లో రెండూ పెట్టాను. డిఫాల్ట్ ఏది ఉంచాలో తేలట్లేదు. గుంటూరు, కరీంనగర్, అనంతపురం, ఎక్కడైనా సరే, మీ ఊళ్లో ఎలా ఆడేవారో ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒకసారి అడిగి చెప్పండి.